రాగి కాగు మీద నింద

మా లోయలో నేను చెప్పిన మాట నమ్మినవాడు ఇంతవరకూ పుట్టలేదు. తప్పు వాళ్ళది కాదు. పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం చలికాలంలో ఆవు పొదుగు నుంచి జారిన పాలు బకెట్టులో పడేలోపే తాడులా గడ్డకట్టాయనీ, ఆ తాడుతోనే ఆ ఆవుని గుంజకి కట్టేశాననీ చెప్పినవాణ్ణి నేనే. నా చీజ్ చిల్లుల్లో పిచ్చుకలు కాపురం పెట్టి, పిల్లల్ని పెంచి, ఒక్క పైసా అద్దె ఇవ్వకుండా ఎగిరిపోయాయని చెప్పినవాణ్ణీ నేనే. ఇలాంటివి వందలు. వాటివల్ల ఎవరికీ వెంట్రుకంత నష్టం జరగలేదు. కానీ యాభై రెండో సంవత్సరం వేసవిలో ఒకే ఒక్క అబద్ధం, నవ్వకుండా, నాలుగు ముక్కల్లో చెప్పాను. అది నన్ను కాటి గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. విస్కాన్సిన్‌లో, మా తాతలు స్విట్జర్లాండ్ నుంచి వచ్చి దిగిన కొండల నడుమ, పద్ధెనిమిదిమంది పాడిరైతులు కలిసి పెట్టుకున్న ఫ్యాక్టరీలో చీజ్ చేసేవాణ్ణి. కింద ఫ్యాక్టరీ, పైన నేనూ మా ఆవిడ రెగులా. ఆ రెండు గదులూ ఉద్యోగంతో వచ్చినవే. ఉద్యోగం పోతే పక్కబట్టలు చుట్టుకుని రోడ్డెక్కాల్సిందే.

వేసవి అన్నానే గాని, ఆ ఏడు వసంతం నుంచీ వానలే. కోసిన గడ్డి కోసినచోటే నానిపోయింది. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున, రాగి కాగులో పాలు తోడుకున్నాక, గడ్డని ముక్కలు చేసే తీగల చట్రం దించుతుంటే ఒక తీగ తెగి నా బొటనవేలు గీసుకుంది. చీజ్ చేసేవాడికి అదొక గాయమా. వేలు కాగు మీదినుంచి పక్కకి తిప్పి, గుడ్డ చుట్టి, పని కానిచ్చాను. మధ్యాహ్నానికి మూడు గుడ్డలు తడిశాయి. సాయంత్రం పాలబళ్ళు వచ్చేవేళకి ఐదోది. నెల్లాళ్ళుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళు కారుతున్నాయి, తగలకుండానే పిక్కల మీద కమిలిన మచ్చలు తేలుతున్నాయి. అవి దాచాను. గుడ్డల్ని దాచలేకపోయాను. రెగులా వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి, బకెట్లో వేసి, వెళ్ళి మాథియాస్ జ్వైఫెల్‌ని, అతని ట్రక్కునీ పిలుచుకొచ్చింది.

మాథియాస్ మా రైతుసంఘానికి పెద్ద. నాతో ఒకే బల్లమీద కూచుని చదువుకున్నాడు, ఆ బల్ల విరిగేదాకా. దారిపొడుగునా నా వేలివంక చూస్తూ, "నీ నోటికే మూత లేదనుకున్నాను. ఒంటికీ లేదన్నమాట" అన్నాడు.

టౌను ఆస్పత్రిలో డాక్టర్ హాల్వర్సన్ అని నార్వేవాళ్ళ కుర్రాడు ఉండేవాడు. మంచివాడే. నవ్వితే జీతంలో కోస్తారని ఎవరో చెప్పినట్టుండేవాడు. తాగుతారా అని అడిగాడు. ఊరుకుంటే నేను ఫ్రిడొలిన్ స్టూసీని ఎలా అవుతాను? నేను మానేసిన ఏడాది మూడు సారా బట్టీలు మూతబడ్డాయనీ, వాటి యజమానులు ఇప్పటికీ నన్ను చూస్తే కన్నీళ్ళు పెట్టుకుంటారనీ చెప్పాను. ఆయన తల ఎత్తకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అప్పుడు భయమేసి, తొమ్మిదేళ్ళుగా చుక్క ముట్టలేదన్నాను. అదీ రాసుకున్నాడు, కొంచెం చిన్న అక్షరాలతో.

"మందులేమైనా వాడుతున్నారా? ఆకులు, కషాయాలు, నాటువైద్యం?"

గుమ్మానికి భుజం ఆనించి మాథియాస్ వింటున్నాడు.

"మందూ మాకూ ఏం లేవు" అన్నాను.

ఇందాక చెప్పిన అబద్ధం ఇదే. తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా తడినేల మీద నిలబడి చేసే పని మాది. పాతికేళ్ళకి నా కాళ్ళలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. మా అమ్మ దీనికి తీపి క్లోవర్ అనే పశుగ్రాసం ఎండబెట్టి కషాయం కాచేది. నేనూ అదే కాచుకుని, పనయ్యాక నేలమాళిగలో, మాగడానికి పెట్టిన చీజ్ చక్రాల మధ్య కూచుని, రోజూ ఒక కూజాడు తాగేవాణ్ణి. కాళ్ళు పోయిన చీజ్‌వాడు గొంతు పోయిన కోడిపుంజుతో సమానం. రైతులకి తెలిస్తే మరుసటేడు వేరేవాణ్ణి చూసుకుంటారు. అందుకని రెగులాకి కూడా చెప్పలేదు. పోతే, గడ్డి కషాయానికీ వేలికారే రక్తానికీ సంబంధం ఉంటుందని నాకు కలలో కూడా తోచలేదు.

నా చేతిలోంచి రక్తం తీసి పరీక్ష చేశారు. గంట తర్వాత డాక్టరు మమ్మల్ని కూచోబెట్టాడు. బాగున్నవాడి రక్తం వాళ్ళ గాజుగొట్టంలో పన్నెండు సెకన్లకి గడ్డకట్టాలట. నాది నలభై ఒకటి తీసుకుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారయ్యేది కాలేయంలో. అది నిల్వ ఉండే సరుకు కాదు, ఎప్పటికప్పుడు తాజాగా చేసుకోవాలి. కాలేయం పడకేస్తే రోజుల్లోనే రక్తం ఆ సంగతి బయటపెట్టేస్తుంది.

"కాలేయం చాలావరకు పోయిందనిపిస్తోంది" అన్నాడు. "మీ వయసువాళ్ళలో, ఈ ప్రాంతంలో, దానికి ఎక్కువగా కనిపించే కారణం ఒక్కటే."

రెగులా కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. అక్కడ చూడ్డానికి ఒక ఇటుకగోడ తప్ప ఏమీ లేదు.

వేలికి గట్టిగా కట్టు కట్టి, శుక్రవారం మళ్ళీ రమ్మని పంపారు. ఇంటికొచ్చాక ఆవిడ బంగాళాదుంపలు వేయించి, నాకు పెట్టి, తను తినలేదు. పోట్లాడితే బాగుండునని చూశాను. గిన్నెలు సర్దుతూ అంది:

"ఆవుల గురించి చెప్పావు, పిచ్చుకల గురించి చెప్పావు, అన్నిటికీ నవ్వాను. తాగడం మానేశాననేది ఒక్కటే నిజమనుకున్నాను."

"అది నిజమే."

"సాయంత్రం పూట నేలమాళిగలోంచి మీసం తుడుచుకుంటూ వస్తావు. నోరు తియ్యగా వాసనేస్తుంది. నా ముక్కు కూడా అబద్ధాలకోరేనా అయ్యా?"

అప్పుడైనా చెప్పాల్సింది. చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఆ క్షణాన, "తాగింది సారా కాదు, గడ్డికషాయం" అంటే, పిచ్చుకల కథకి తమ్ముడు పుట్టాడనుకుంటుంది. ముప్పై ఏళ్ళపాటు నేను వేసిన రోడ్డు అది. దానిమీద నిజం ఒక్క అడుగు కూడా వెయ్యలేకపోయింది.

మర్నాడు మాథియాస్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడంటేనే సంగతి అర్థమైంది. ఆదివారం చర్చి అయ్యాక సంఘం కూచుంటుందట. పక్కలోయలో ఒట్టో అని చీజ్ చేసే కుర్రాడు ఖాళీగా ఉన్నాడట. "నీమీద కోపం కాదురా ఫ్రిడ్లీ. పద్ధెనిమిదిమంది పాలు. తాగి పాడైనవాడి చేతిలో ఎలా పెట్టమంటావు?" అన్నాడు. మంచి చీజ్‌కి చిల్లులే గుర్తు, ఒట్టో చీజ్‌కి అవి పడవు, పడితే దిగులుతోనే పడతాయి అన్నాను. నవ్వలేదు. బల్ల విరగ్గొట్టిన రోజు కూడా నవ్వినవాడు.

శుక్రవారం ఆస్పత్రిలో నా రక్తం తీసింది డెల్లా ఓక్స్ అనే పిల్ల. పరీక్షల గది ఆవిడదే. పాతికేళ్ళుంటాయి, బిగించి దువ్విన జుట్టు, మెడలో తాడుకి వేలాడే స్టాప్‌వాచ్. బయట బల్లమీద రెగులా పక్కన కూచోవడంకంటే ఈ పిల్ల దగ్గర నిలబడ్డం సుఖమని, చూస్తానని అడిగాను. సరే, ముట్టుకోవద్దంది.

గోరువెచ్చని నీళ్ళతొట్టిలో గాజుగొట్టాలు. నా రక్తంలోంచి ఎర్రదనం పోయి మిగిలిన పచ్చటి తేట ఒకదాంట్లో. అందులో ఇంకేదో పోసి, వాచీ నొక్కి, చిన్న తీగకొక్కెంతో కలుపుతూ చూస్తోంది. మొదటి పోగు కొక్కేనికి తగులుకోగానే వాచీ ఆపుతుంది. పోసిందేమిటని అడిగాను. కుందేలు మెదడు పొడి, కొంచెం సున్నం అంది. ఇంతకాలం నేను కల్పించినవాటిలో ఒక్కటీ దీనికి సాటి రాదని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"అమ్మాయ్, నువ్వు చేసేది నా పనే" అన్నాను. మా దగ్గర అడుగున సన్నటి చిల్లి ఉన్న గిన్నె ఒకటి ఉంటుంది. పాలు పోసి, తోడు కలిపితే, చిల్లిలోంచి కారుతూ కారుతూ, పాలు గడ్డకట్టగానే ధార ఆగిపోతుంది. ఎంత కారిందో చూస్తే ఆ రోజు పాల సంగతంతా తెలిసిపోతుంది. ఇదంతా చెబితే ఆ పిల్ల కొక్కెం ఆపకుండానే వింది. నలభై మూడు, అంది కాసేపటికి. మంగళవారం కంటే రెండు ఎక్కువ.

"పాలు తోడుకోకపోతే మీరేం చేస్తారు?" అని అడిగింది.

మా నాన్న చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. రాగి కాగు మీద నింద వెయ్యకు. ముందు గ్లాసులో పాలు తీసి, కొత్త తోడు చుక్క వేసి చూడు. తోడుకుంటే పాలదీ తప్పు కాదు, కాగుదీ తప్పు కాదు, తోడు చాలలేదంతే. తోడుకోకపోతే అప్పుడు కాగు సంగతి ఆలోచించు. ఈ ముక్క ఆ పిల్లకి చెప్పాను. గుమ్మంలో ఎప్పుడొచ్చాడో హాల్వర్సన్ నిలబడి ఉన్నాడు.

"మీ డాక్టర్లు నేరుగా కాగునే పగలగొట్టారు" అన్నాను.

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన వచ్చి స్టూలు మీద కూచున్నాడు. మంగళవారం తను తొందరపడ్డ మాట నిజమే అన్నాడు. ఆ ఒక్క అంకె చూసి కాలేయం పోయిందని తేల్చెయ్యకూడదు. మీరన్న గ్లాసు పరీక్షలాంటిది మాకూ ఉంది, ఇవాళ అదే చెయ్యాలనుకుంటున్నాను అన్నాడు. కాలేయం ఆ సరుకు చెయ్యాలంటే దానికి విటమిన్ కె కావాలి. సూదిమందుగా అది ఎక్కిస్తారు. కాలేయం బతికుంటే అందుకుని పని మొదలుపెడుతుంది. రేపటికి రక్తం గడ్డకడుతుంది. కాలేయమే చచ్చిపోయి ఉంటే ఎంత ఎక్కించినా అంకె కదలదు.

"కదలకపోతే?"

"అప్పుడు నేను చెప్పిందే నిజమవుతుంది."

గ్లాసు పరీక్ష మాట ఎత్తినవాణ్ణి నేనే కదా. చొక్కా చెయ్యి మడవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. తెలియకుండా ఉన్నంతసేపూ మనిషికి ఒక మూల ఉంటుంది నక్కడానికి. తెల్లారితే ఆ మూల ఉండదు. మందు ఎక్కించి, ఆ రాత్రికి ఆస్పత్రిలోనే ఉంచారు. ఆ సాయంత్రం నేను ఒక్క కథ కూడా చెప్పలేదు. నర్సమ్మ జ్వరమేమోనని రెండుసార్లు నుదురు ముట్టుకు చూసింది.

శనివారం పొద్దున రెగులా వచ్చింది, చర్చికి వేసుకునే గౌను తొడుక్కుని, పెద్ద తోలుసంచి ఒళ్ళో పెట్టుకుని. మాథియాస్ ట్రక్కు మీదే వచ్చింది. సంఘానికి ఏం చెప్పాలో తెలుసుకోవాలని అతనూ వెంట లోపలికి వచ్చాడు. డెల్లా నా చేతిలోంచి రక్తం తీసి, తేట వడగట్టి, గొట్టాన్ని నీళ్ళతొట్టిలో దించింది. హాల్వర్సన్‌తో సహా నలుగురం ఆవిడ వెనక నిలబడ్డాం, పెద్దకాగు చుట్టూ నిలబడ్డట్టు.

వాచీ నొక్కింది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. పది దాటాక నా లెక్క తప్పింది.

కొక్కెం ఆగింది. ఆ పిల్ల వాచీ చూసి, ఇంకో గొట్టం తీసుకుని మళ్ళీ మొదటినుంచీ చేసింది. కుందేలు పొడి పోసింది. వాచీ నొక్కింది. ఆపింది.

"పదమూడు" అంది. "రెండుసార్లూ."

హాల్వర్సన్ ఆ కొక్కెం వెలుతురులోకి ఎత్తి చూశాడు. దాని కొనకి చిన్న పోగు వేలాడుతోంది, పాలమీగడ నలుసంత. "ఈ కాలేయం నాకంటే ఎక్కువ పని చేస్తోంది" అన్నాడు. ఆయన నోట నేను విన్న మొదటి హాస్యం అది. తర్వాత రెగులా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు: "తాగుడుతో పాడైన కాలేయం ఒక్క రాత్రిలో ఇలా లేచి కూచోదమ్మా. సరుకు అందక చేతులు కట్టుకు కూచుంది, అంతే. ఆ సరుకుని దారిలో ఏదో కాజేస్తోంది. అదేమిటో నాకింకా తెలియదు."

రెగులా నావైపు తిరిగింది. అప్పుడు సంచి తెరిచి, ఏప్రన్‌లో చుట్టిన కూజా తీసి బల్లమీద పెట్టింది. నేలమాళిగలోది. నాదే. అంకె కదలకపోతే నా మొహాన పెట్టడానికి తెచ్చిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇందులో ఏముందో నేను చూడలేదు" అంది. "చూడబుద్ధి కాలేదు."

మాథియాస్ బిరడా తీసి వాసన చూశాడు. రెండువేళ్ళు లోపలికి దించి, నానిన గడ్డిపోచ ఒకటి బయటికి లాగి, అరచేతిలో విప్పి, మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది సారా కాదు" అన్నాడు. "ఇది నా పెయ్యల్ని చంపిన గడ్డి."

పద్ధెనిమిదేళ్ళ కిందట, అలాంటి వానల ఏడాదిలోనే, మాథియాస్ దొడ్లో పదకొండు పెయ్యలు చచ్చిపోయాయి. కొమ్ములు కోస్తే రక్తం ఆగలేదు. బూజుపట్టిన తీపి క్లోవర్ తిన్నాయి అవి. మంచి క్లోవర్ మంచిదే. బూజుపడితే అందులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని విషం పుడుతుంది. లోయలో ప్రతి పాడిరైతుకీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు, ఆవుల విషయంలో.

"బూజు పట్టిందని చూడలేదా నువ్వు?" అని అడిగాడు.

చూడకపోవడమా. ఎండ లేదు కనక గడ్డికట్టలు నేలమాళిగలో చీజ్ చక్రాల పక్కన వేలాడదీశాను. వాటిమీద తెల్లగా, మెత్తగా బూజు పట్టింది. ఒక రైతు చూసి ఉంటే పారేసేవాడు. నేను చీజ్‌వాణ్ణి. చీజ్ చక్రాల పైతొక్కని మాగించేది బూజే, ముప్పై ఏళ్ళుగా అది నా పాలివాడు, నా కూలివాడు. ఆ మాళిగలో దానికంటే కష్టపడే మనిషి లేడు. గడ్డికూడా మాగుతోంది కాబోలు, రుచి తేలుతుంది అనుకుని ఇంకాస్త ఆగి మరీ కాచాను. ఈ మాటలు తలొంచుకుని చెప్పాను.

ఎందుకు తాగావని రెగులా అడిగింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి చూపించాను. నలుగురూ చూశారు. నా పిక్కల మీద నరాలు ద్రాక్షతీగల్లా పాకి ఉన్నాయి.

హాల్వర్సన్ నా కాగితం తీసి, మంగళవారం రాసినదాంట్లో ఒక మాట కొట్టేశాడు. బట్టీల మాటో, మరొకటో, ఇప్పటికీ తెలియదు. "మందులు వాడుతున్నారా అని అడిగాను" అన్నాడు.

"అడిగారు."

"మూడు బట్టీల కథ చెప్పినవారు, ఒక కూజా సంగతి చెప్పలేకపోయారా?"

కూజాలో నవ్వు లేదు డాక్టరుగారూ అన్నాను. అప్పుడు రెగులా నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, తర్వాత బల్ల పట్టుకుని. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకోవడానికి ఏప్రన్ వెతుక్కుంది, అది కూజాకి చుట్టి ఉంది.

ఇంకో వారం సూదిమందు ఇచ్చారు, గడ్డి ఆపేశారు, అంకె పన్నెండుకి దిగి అక్కడే గుడిసె వేసుకుంది. అంతకుముందే, పరీక్ష అయిన మర్నాడు, ఆదివారం సంఘంలో మాథియాస్ లేచి, ఒట్టోని పిలవక్కర్లేదని చెప్పి, నన్ను బల్ల ఎక్కించి ప్యాంటు మడవమన్నాడు. పద్ధెనిమిదిమంది రైతులు నా కాళ్ళ చుట్టూ తిరిగి, సంతలో ఎద్దుని చూసినట్టు చూశారు. వాళ్ళలో ఏడుగురు తమ ప్యాంట్లు మడిచారు. నాకంటే ఘోరం. మరుసటి వారం వడ్రంగి వచ్చి కాగు పక్కన ఎత్తు పీట ఒకటి బిగించి వెళ్ళాడు. మా లోయలో కూచుని చీజ్ చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ ఏడు చీజ్ చిల్లులు ఎంత అందంగా పడ్డాయంటే, వెళ్ళిపోయిన పిచ్చుకలు పాత అద్దెతో సహా తిరిగొచ్చాయి.

ఆగస్టు తిరనాళ్ళలో అబద్ధాల పోటీ ఉంటుంది. ప్రతి ఏడూ నేను చెబుతాను, ప్రతి ఏడూ రెండో బహుమతి వస్తుంది. ఆ ఏడు వేదిక ఎక్కి, ఇదంతా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. కుందేలు మెదడు దగ్గర జనం ఈలలు వేశారు. బూజు దగ్గర బెంచీలు కొట్టారు. పదమూడు సెకన్ల దగ్గర ఒక ముసలాయన కుర్చీలోంచి జారి పడ్డాడు. ఇది నిజం అని చివర్న ఒట్టు వేశాను. ఆ ఒట్టుకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. మాథియాస్ లేచి, నేను సాక్షిని అన్నాడు. అతను కూడా పోటీలో ఉన్నాడనుకుని అతనికి మూడోది ఇచ్చారు.

నాకు మొదటి బహుమతి వచ్చింది. చెర్రీ సారా, పెద్ద సీసా, మెడకి ఎర్ర రిబ్బను. జనమంతా చూస్తుండగా నా చేతిలో పెట్టారు. నేను రెగులా వైపు చూశాను. ఆవిడ ముందు వరసలోంచి లేచి వచ్చి, సీసా నా చేతిలోంచి తీసుకుని, చంకన పెట్టుకుని, తిరిగి వెళ్ళి కూచుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక నన్ను కుర్చీలో కూచోమంది. నా కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుని, రిబ్బను విప్పి, అరచేతిలో సారా ఒంపుకుని, పిక్కలకి రాసి రుద్దడం మొదలెట్టింది. గదంతా చెర్రీ వాసన.

"నోటికి పోకుండా చూసుకో" అంది. "తొమ్మిదేళ్ళ లెక్క నేను పాడుచెయ్యను."

ఆ సీసా క్రిస్మస్ దాకా వచ్చింది. ఒక్క చుక్క కూడా వృథా పోలేదు.